బావ జేబులోని డెబ్బై నాలుగు

మొన్న ఉగాదికి కొండపి దగ్గర మా అక్క వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు, పొగాకు బ్యారన్ వెనక ఉన్న నాలుగెకరాల మెట్ట చేను ఈ ఏడు కూడా బీడుగానే పడి ఉండడం చూసి, జామాయిల్ అయినా వేయకపోయావా బావా అని అడిగాను. ఆ చుట్టుపక్కల మెట్ట పొలాల్లో ఎక్కడ చూసినా జామాయిల్, సుబాబుల్ తోటలే. బావ జవాబు చెప్పకుండా చొక్కా జేబులో నుంచి పర్సు తీసి, మడతల దగ్గర చిరుగు పట్టిన ఒక రైలు టికెట్టును నా చేతిలో పెట్టాడు. 2023 మార్చిలో ఒంగోలు నుంచి అందరం పినాకినీలో చెన్నై వెళ్ళినప్పటి టికెట్టు అది. దాని వెనక నీలి సిరాతో మా మేనల్లుడి దస్తూరీలో ఒకే ఒక్క అంకె ఉంది: 74.

"జామాయిల్ కోతకు రావాలంటే నాలుగేళ్ళు పట్టుద్ది మేష్టారూ. నూటికి డెబ్బై నాలుగంటే నాలుగెడ్లలో ఒకటి పోయినట్టే గదా. ఆ పోయేది నేనే అయితే, మీ అక్క ఆ తోట ఎవరితో కొట్టిచ్చుకుంటది?"

నేను ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ పాఠం చెప్పి, ఇప్పుడు నెల్లూరులో విశ్రాంతిగా ఉంటున్నవాణ్ణి. వైద్యుణ్ణి కాను. అయినా ఆ టికెట్టు చూసిన రోజున నాకు సిగ్గు వేసింది. బావ జబ్బుకు సంబంధించిన ప్రతి రిపోర్టూ నా చేతుల మీదుగానే వెళ్ళింది; ఆ రిపోర్టుల వల్ల ఆయన భవిష్యత్తు గురించిన అంచనా కనీసం మూడు సార్లు మారింది; కానీ ఆయన జేబులోని అంకె మాత్రం మొదటి రోజునే ఆగిపోయిందన్న సంగతి నాకు మూడేళ్ళూ తట్టలేదు. 74 తప్పుడు అంకె కాదు. పాతబడిన అంకె. పెద్దపేగు చివరి భాగమైన రెక్టమ్‌లో, అంటే మలాశయంలో, వచ్చే క్యాన్సర్‌కు చికిత్స జరిగిన తరువాత మనిషి ఎంతకాలం ఉంటాడన్న అంచనా ఎలా తయారవుతుందో, ఎందుకు మారుతుందో నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా జబ్బు బయటపడిన తీరు. ఎనిమిది నెలల పాటు మలంలో రక్తం పడుతుంటే, చూసిన వైద్యుడొకరు మొలలని చెప్పి మందులు ఇస్తూ పోయాడు. బావకు వచ్చిన కణితి వేలికి అందేంత కిందనే ఉంది. ఒక్కసారి వేలితో పరీక్షించి ఉంటే ఆ రోజే అనుమానం వచ్చేది. చివరికి నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోట పేటలో కొలనోస్కోపీ, అంటే పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించి, ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలింది. ఆ ఎనిమిది నెలలు ఏ పట్టికలోనూ ఒక గడిగా కనిపించవు, కాని స్టేజి అనే మాటలో కలిసిపోయి ఉంటాయి.

ఇక 74 సంగతి. మేనల్లుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రైల్లో కూర్చుని ఫోనులో వెతికి రాసిచ్చాడు. అది అమెరికా లెక్క. అక్కడ మలాశయ క్యాన్సర్‌ను మూడు గంపల్లో పోస్తారు: పేగు గోడ దాటనిది, పక్క కణజాలానికో లింఫ్ గ్రంథులకో పాకినది, దూరపు అవయవాలకు చేరినది. 2012 నుంచి 2018 వరకు జబ్బు బయటపడినవారిలో అయిదేళ్ళ మనుగడ మొదటి గంపలో సుమారు 90 శాతం, రెండో దానిలో 74 శాతం, మూడో దానిలో 17 శాతం. పైగా ఇది నేరుగా లెక్కపెట్టిన మనుగడ కాదు, సాపేక్ష మనుగడ. అదే వయసులో ఉన్న సాధారణ జనంతో పోల్చినప్పుడు ఈ రోగులు ఎంత శాతం మిగిలారన్న లెక్క అది. అంటే "నలుగురిలో ఒకరు పోతారు" అన్న బావ తర్జుమా కూడా సరిగ్గా అందులో లేదు. రెండో గంపలో ఒక గ్రంథికి మాత్రమే పాకినవారు, పది గ్రంథులకు పాకినవారు, నలభై ఏళ్ళవారు, ఎనభై ఏళ్ళవారు, ఆపరేషన్ చేయించుకున్నవారు, చేయించుకోలేనివారు అందరూ కలిసి ఉన్నారు. మా బావ ఆ గుంపులో ఎక్కడ నిలబడ్డాడో ఆ అంకెకు తెలియదు.

గంపలను చిన్నవి చేయడమే ఈ శాస్త్రం తొంభై ఏళ్ళుగా చేస్తున్న పని. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో కత్‌బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు 1932లో, కోసి తీసిన మలాశయాలను పరీక్షించి, జబ్బు గోడలోపలే ఉంటే ఎ, గోడ దాటితే బి, గ్రంథులకు చేరితే సి అని వర్గీకరించాడు. ఇప్పటి టీఎన్‌ఎం పద్ధతి ఆ ఆలోచనకే మనుమడు లాంటిది. టీ అంటే కణితి గోడలోకి ఎంత లోతు దిగిందన్న కొలత: కండర పొరలో ఆగితే టీ2, అది దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి వెళితే టీ3, పక్క అవయవాన్ని పట్టుకుంటే టీ4. ఎన్ గ్రంథుల లెక్క, ఎం దూరపు వ్యాప్తి. చెన్నైలో తీసిన ఎంఆర్‌ఐలో బావది టీ3 అనీ, రెండు గ్రంథులు అనుమానంగా ఉన్నాయనీ వచ్చింది. దాని కింద ఇంకొక వాక్యం ఉంది, నేను మొదట పట్టించుకోలేదు: కణితి అంచుకూ, మలాశయాన్ని చుట్టి ఉండే కొవ్వు సంచి పైపొరకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉంది.

ఆ నాలుగు మిల్లీమీటర్ల విలువ తెలియాలంటే ఇద్దరు ఇంగ్లండు వైద్యుల గురించి చెప్పాలి. బేసింగ్‌స్టోక్‌లో పనిచేసిన బిల్ హీల్డ్ అనే సర్జన్ 1982లో, మలాశయాన్ని విడిగా కాకుండా దాని చుట్టూ ఉన్న కొవ్వు సంచితో సహా, పైపొర చిరగకుండా, చెక్కుచెదరని మూటగా తీయాలని వాదించాడు. అప్పటివరకు సర్జన్లు చేతితో ఊడదీసేవారు. కొవ్వు తునకలు, వాటితోపాటు క్యాన్సర్ కణాలు కటిలో మిగిలిపోయి అదే చోట జబ్బు తిరగబెట్టేది. 1986లో లీడ్స్‌లో ఫిలిప్ క్వర్క్, ఆయన సహచరులు, ఆపరేషన్‌లో తీసిన మలాశయాలను అడ్డంగా పలుచని బిళ్ళలుగా కోసి చూసి, జబ్బు అక్కడ తిరిగి రావడం చాలావరకు పక్క అంచుకు క్యాన్సర్ తగిలి ఉన్నవారిలోనే జరుగుతున్నదని చూపించారు. ఇప్పుడు ఆ ఎడం ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే తక్కువ ఉంటే అంచు చెడినట్టే లెక్క. ఈ సంగతిని ఆపరేషన్‌కు ముందే ఎంఆర్‌ఐతో చెప్పవచ్చునని మెర్క్యురీ అనే అధ్యయనం తేల్చింది. ఎంఆర్‌ఐలో అంచు శుభ్రంగా ఉన్నవారిలో అయిదేళ్ళకు 62 శాతం మంది బతికి ఉంటే, అంచుకు తగిలినట్టు కనిపించినవారిలో 42 శాతం మందే ఉన్నారు. ఇరవై శాతం తేడా! మేనల్లుడి గంపలో ఈ ఇద్దరూ ఒకే చోట ఉన్నారు.

దీనిలో నుంచి ఇంకొకటి కూడా తేలుతుంది. జబ్బు ఎంత ముదిరిందన్నదే కాక, ఎవరు కోశారు, ఎంత నేర్పుగా కోశారు అన్నది కూడా మనుగడను నిర్ణయించే అంశాలలో ఒకటి. కాలిక్యులేటర్లలో వయసు అడుగుతారు, స్టేజి అడుగుతారు, సర్జను గురించి అడిగే గడి నేను ఎక్కడా చూడలేదు.

అంకెకు రోగి తేదీ ఒకటే కాదు, వైద్యం తేదీ కూడా ఉంటుంది. 1997లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు వారం రోజులు రేడియేషన్ ఇస్తే, అయిదేళ్ళలో అదే చోట జబ్బు తిరగబెట్టడం 27 శాతం నుంచి 11 శాతానికి తగ్గింది. అయిదేళ్ళ మనుగడ 48 నుంచి 58 శాతానికి పెరిగింది. 2001లో నెదర్లాండ్స్‌వారు హీల్డ్ పద్ధతిలో శిక్షణ పొందిన సర్జన్లతో అదే రేడియేషన్‌ను పరీక్షించారు. రెండేళ్ళకు జబ్బు అక్కడే తిరగబెట్టినది రేడియేషన్ లేకుండా 8.2 శాతం, రేడియేషన్‌తో 2.4 శాతం. కానీ మొత్తం మనుగడలో ఆ రెండేళ్ళకు తేడా రాలేదు. కొలిచిన కాలాలు వేరైనా, కోత బాగుపడితే పక్కన రేడియేషన్ చేసే మేలు కొలతే మారిపోతుందని దీనివల్ల అర్థమవుతుంది. 2004లో జర్మనీవారు రేడియేషన్, కీమో కలిపి ఆపరేషన్‌కు ముందు ఇచ్చినప్పుడు అయిదేళ్ళ మనుగడ 76 శాతం వచ్చింది, తరువాత ఇచ్చినవారిలో 74. ఈ అధ్యయనాలలోని రోగులు ఒకే తీరువారు కారు గనుక పక్కపక్కన పెట్టి తూచకూడదు. కానీ పాత పుస్తకం తెరిచి తన ఆయుష్షు చూసుకునేవాడు ఏ కాలపు వైద్యం లెక్క చూస్తున్నాడో తెలుసుకోవాలి.

ఈ పట్టికల్లో నాకు బాగా నచ్చిన చిక్కు ఒకటి ఉంది. స్కాన్లు మెరుగైనకొద్దీ, పూర్వం మూడో స్టేజి, అంటే గ్రంథుల వరకే పాకింది, అనుకున్నవారిలో కొందరికి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో చిన్న మచ్చలు కనిపించి నాలుగో స్టేజికి మారతారు. అప్పుడు ఒక్క రోగి ఆయుష్షు కూడా పెరగకుండానే రెండు స్టేజిల సగటూ పెరుగుతుంది. కాలేజీలో మార్కులు ఎక్కువ వచ్చే 'ఎ' సెక్షన్లో అందరికంటే వెనకబడిన అయిదుగురిని 'బీ' సెక్షన్‌కు మార్చి చూడండి: 'ఎ' సెక్షన్ సగటు పెరుగుతుంది, ఆ అయిదుగురు బీ సెక్షన్లో మిగతావారికంటే మెరుగైతే దాని సగటూ పెరుగుతుంది, ఎవరికీ ఒక్క మార్కు కలవదు. ఫైన్‌స్టీన్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు 1985లో దీనికి విల్ రోజర్స్ అనే హాస్యగాడి పేరు పెట్టారు. కొత్త స్కానుతో మనుగడ పెరిగిందని ఎవరైనా అన్నప్పుడు ఈ సెక్షన్ల మార్పిడి గుర్తు తెచ్చుకోవడం నాకు అలవాటైంది.

బావకు అయిదు వారాలు రేడియేషన్ ఇచ్చారు. మా వైపు పెద్దవాళ్ళు దీన్ని కరెంటు పెట్టడం అంటారు. దానితోపాటు కీమో మాత్రలు మింగాడు. ఆ తరువాత ఎనిమిది వారాలు ఆగి ఆపరేషన్. తీసిన ముక్క మీద వచ్చిన పాథాలజీ రిపోర్టే నా దృష్టిలో మొత్తం ఫైలులో విలువైన కాగితం. టీ3 కాస్తా టీ2కు దిగింది. పదమూడు గ్రంథులు వెతికి చూస్తే ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు. కనీసం పన్నెండు చూడాలన్నది వాడుకలో ఉన్న నియమం, రేడియేషన్ తరువాత అన్ని దొరకడమే కష్టం. అంచు శుభ్రంగా ఉంది. ఈ అక్షరాల ముందు వైపీ అనే రెండక్షరాలు చేరుస్తారు, చికిత్స తరువాత చూసినవని గుర్తుగా. అంచనా వేయడంలో ఈ వైపీ స్టేజికి మొదటి ఎంఆర్‌ఐ స్టేజి కంటే బరువు ఎక్కువ, ఎందుకంటే మందుకు కణితి ఎలా లొంగిందన్న సాక్ష్యం కూడా దీనిలో ఉంటుంది. రేడియేషన్, కీమోల తరువాత తీసిన ముక్కలో క్యాన్సర్ కణమే దొరకని వారిని, కొంత మిగిలినవారిని పోల్చి 2010లో మాస్ అనే పరిశోధకురాలి బృందం చేసిన విశ్లేషణలో, అయిదేళ్ళపాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి వర్గంలో 83 శాతం, రెండో వర్గంలో 66 శాతం. బావ మొదటి వర్గంలో లేడు, కొంత మిగిలింది. అయినా గ్రంథులు శుభ్రపడినవాడు రెండో వర్గంలో మెరుగైన చివర ఉంటాడు. 74 రాసిన టికెట్టును ఆ రోజే చించేసి ఉండవలసింది.

ఆపరేషన్‌కు ముందు రక్తంలో సీఈఏ అనే, ఈ క్యాన్సర్ ఉన్నప్పుడు తరచు పెరిగే ప్రొటీన్ ఎక్కువ వచ్చింది, తరువాత మామూలుకు దిగింది. ఇది మంచి సంకేతమే. అయితే పొగ తాగేవారిలో జబ్బు లేకపోయినా ఆ అంకె కొంచెం ఎక్కువగా ఉంటుంది. పొగాకు పండించడమే కాక చుట్ట కూడా కాల్చే మనిషికి ఈ వాక్యం చదివి వినిపించవలసిన పని నాకే పడింది.

ఇక అసలు పాఠం. అయిదేళ్ళ మనుగడ అన్న గీతను లెక్కగట్టే పద్ధతిని 1958లో కప్లాన్, మయర్ అనే ఇద్దరు ఇచ్చారు. చిక్కు ఏమిటంటే, అధ్యయనం ముగిసే రోజుకు కొందరు చనిపోయి ఉంటారు, కొందరు బతికి ఉంటారు, కొందరు ఊరు మారి జాడ తెలియకుండా పోతారు. జాడ తెలియనివారిని పోయినవారిలో కలిపితే అన్యాయం, ఉన్నవారిలో కలిపితే అబద్ధం. కాలేజీలో టీసీ తీసుకుని వెళ్ళిపోయిన విద్యార్థి లాంటివాడు వాడు: వెళ్ళిన రోజు వరకు తప్పలేదన్నది మనకు తెలుసు, అంతవరకు లెక్కలో ఉంచి, ఆ తరువాత హాజరు పట్టీలో నుంచి తీసేస్తాం. ఏ రోజుకు ఎందరు లెక్కలో మిగిలితే వారి మీదనే తరువాతి భాగం లెక్క. అందుకే గీత మెట్లు మెట్లుగా దిగుతుంది.

ఆ మెట్లలోనే బావకు కావలసిన జవాబు ఉంది. లెక్క కోసం ఊహించుకుందాం: వంద మందిలో మూడేళ్ళు నిండేసరికి 80 మంది, అయిదేళ్ళకు 72 మంది ఉన్నారనుకుందాం. మొదటి రోజున నిలబడి చూసేవాడికి అయిదేళ్ళ అవకాశం 72 శాతం. కానీ మూడేళ్ళు దాటిన మనిషి వందలో ఒకడు కాడు, 80లో ఒకడు. అతనికి మిగిలిన రెండేళ్ళు దాటే అవకాశం 80కి 72, అంటే 90 శాతం. పోయిన ఇరవై మంది లెక్కను ఇతని మీద ఇంకా మోపకూడదు. మలాశయ క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే జరుగుతుంది గనుక ఈ సవరణ ఇక్కడ మరింత వర్తిస్తుంది. ఆ తరువాత అసలు రాదని కాదు. రేడియేషన్ తీసుకున్నవారిలో ఆలస్యంగా వచ్చేవి కూడా ఉన్నాయి, మలాశయం కింది భాగపు రక్తనాళాలు కాలేయాన్ని తప్పించుకుని నేరుగా పెద్ద సిరల్లో కలుస్తాయి గనుక ఊపిరితిత్తుల్లో మచ్చలుగానూ బయటపడవచ్చు. కింద జబ్బుకు పైన స్కాను ఎందుకని ప్రతిసారీ అడిగే బావకు ఇదీ జవాబు.

వ్యక్తికి దగ్గరగా అంచనా వేయడానికి నోమోగ్రామ్‌లు ఉన్నాయి. రోమ్ నగరానికి చెందిన వాలెంటీని, మరికొందరు 2011లో అయిదు ఐరోపా అధ్యయనాల నుంచి 2,795 మంది వివరాలు తీసుకుని, వయసు, స్టేజి, గ్రంథులు, ఆపరేషన్ రకం మొదలైనవాటికి పాయింట్లు వేసి కూడితే అయిదేళ్ళ అంచనా వచ్చేలా చేశారు. దాని సత్తాను సీ సూచిక అనే కొలతతో చెబుతారు: 0.5 అంటే రూపాయి బిళ్ళ ఎగరేసినట్టు, 1 అంటే ఎప్పుడూ తప్పనిది. మొత్తం మనుగడకు దీనికి వచ్చినది 0.70. అంటే ఇద్దరు రోగులను పక్కపక్కన నిలబెడితే ఎవరు ముందు పోతారన్నది పది జతల్లో ఏడింటిలో సరిగ్గా చెబుతుంది, మూడింటిలో తప్పుతుంది. శాస్త్రం ప్రకారం ఇది తీసిపారేయదగిన ఫలితం కాదు, కాని పొలం బీడు పెట్టడానికి చాలినంత బలమైనదీ కాదు. పైగా అవి ఐరోపా రోగుల మీద తూచిన రాళ్ళు. మన దేశంలో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులకు వచ్చేవారిలో నలభైల వయసువారు, ముద్ర ఉంగరం ఆకారంలో కణాలుండే మొండి రకం క్యాన్సర్ ఉన్నవారు పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువ. బావకు ఆ రకం కాదు. అయితే ముప్పై ఎనిమిదేళ్ళ ఒక కందుకూరు కుర్రాణ్ణి అదే వార్డులో చూశాను, అతనిది ఆ రకమే. ఐరోపా రాళ్ళతో అతన్ని తూస్తే ముల్లు తప్పు చూపిస్తుంది.

మనుగడ గీతలో లేనివి కూడా ఉన్నాయి. ఆపరేషన్ తరువాత కొన్ని నెలలు పొట్ట మీద సంచితో ఉండడం, అది మూసేశాక రోజుకు ఏడెనిమిది సార్లు దొడ్డికి పరుగెత్తడం, వేలం కేంద్రంలో గంటల తరబడి కూర్చోలేకపోవడం. అయిదేళ్ళు బతికినవాడు ఎలా బతికాడన్నది ఆ గీత చెప్పదు.

ఇదంతా ఉగాది మధ్యాహ్నం అరుగు మీద, పొగాకు చెక్కుల లెక్క రాసుకునే నోటుబుక్కు వెనక పేజీలో గీసి చెప్పాను. బావ చివరివరకు విని, "అయితే ఇప్పుడు నాకెంత?" అన్నాడు. పేజీ మీద ముందు ఆ రోజు తేదీ వేశాను. ఖాయమైన అంకె రాయలేదు. పైన చెప్పిన ఊహా లెక్కలోని 90ని చూపించి, నీ రిపోర్టులను బట్టి ఆ దరిదాపుల్లో ఉండవచ్చునని నా నమ్మకం, డాక్టరుగారిని కూడా అడుగుదామని చెప్పాను. మూడేళ్ళ కొలనోస్కోపీ, ఛాతీ స్కాను బాకీ ఉన్నాయి. వచ్చే నెలలో పినాకినీకే టికెట్లు తీయమన్నాడు. అక్క లోపలి నుంచి, జామాయిల్ మొక్క ఎంతుందో ఎవరినైనా అడిగావా అని కేకేసింది. స్కాను కానియ్యి, వానలకు ముందు చూద్దాం అన్నాడు బావ. పాత టికెట్టు మాత్రం మళ్ళీ పర్సులోనే పెట్టుకున్నాడు.